కూతకు చప్పట్లు సరే, గొలుసు మాటేమిటి?

అరసవల్లి: అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలకు వెళ్ళిన మన పట్నం కళాశాల జట్టు ఒకటి ఈ ఏడాది మొదటి ఆటలోనే ఓడి తిరిగి వచ్చింది. ఓడిన మర్నాటి నుంచీ గుడి వీధి టీ కొట్టు దగ్గర ఇదే పంచాయితీ. "ఏటి బాబూ, పోయినేడు కప్పు ఎత్తుకొచ్చిన జట్టు ఇలాగైపోనాది?" అని ఒకాయన. "ఆ కొత్త మాస్టారికి ఆట తెల్దు" అని ఇంకొకాయన. "బయటినుంచి ఇద్దరు రైడర్లని తెచ్చి జేర్చుకుంటే అంతా సరైపోద్ది" అని మూడో ఆయన తీర్పు. ఈ తీర్పు చెప్పినాయన తన జన్మలో ఎన్నడూ కూతకు వెళ్ళలేదని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు.

కాదనవలసిన అవసరం ఉందని ఈ విలేకరి అభిప్రాయం.

పోయినేడు కప్పు తెచ్చిన జట్టులో రైడర్లు ఇద్దరూ ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ వేగం ఏమీ తగ్గలేదు. పోయినవాళ్ళు వేరే. ఎడమ మూల కాచే కార్నర్, రెండు కవర్లు, కుడి ఇన్ - ఈ నలుగురూ డిగ్రీ మూడో ఏడు పూర్తిచేసి వేసవిలో వెళ్ళిపోయారు. ఒకడు పోలీసు ఉద్యోగానికి చదువుకుంటున్నాడు, ఒకడు హైదరాబాదులో ఏదో మాల్‌లో కాపలా, ఒకడు మేస్త్రీ వెంట చెన్నై, ఒకడు ఇంటి దగ్గర వ్యవసాయం. వాళ్ళ పేర్లు మన ఊళ్ళో ఎంతమందికి గుర్తున్నాయో అడిగి చూశాను. రైడర్ల పేర్లు పిల్లలు సైతం చెప్పారు. ఈ నలుగురి పేర్లు టీ కొట్టు దగ్గర ఒక్కరు కూడా నాలుగూ చెప్పలేకపోయారు. అదే వేసవిలో పాత పి.డి. గారు పదవీ విరమణ చేశారు. కొత్త పి.డి. గారు, ఆయనకు తోడుగా జీతం లేకుండా వచ్చే ఒక పాత ఆటగాడు, ఇద్దరూ జూలైలో పని మొదలుపెట్టారు. అంటే పట్టేవాళ్ళూ కొత్తే, పట్టు నేర్పేవాళ్ళూ కొత్తే.

మన చిన్నప్పటి చెడుగుడుకీ ఇప్పటి కబడ్డీకీ తేడా ఇక్కడే ఉంది. చెడుగుడులో బలమున్నవాడు మీద పడితే సరిపోయేది. ఇప్పుడు కూతకు వచ్చినవాడికి 30 సెకన్లే గడువు. అవతల నిలబడే ఏడుగురికి ఏడు చోట్లు. మూలన కార్నర్, పక్కన ఇన్, ఆ పక్కన కవర్, మధ్యలో సెంటర్, మళ్ళీ కవర్, ఇన్, కార్నర్. చేతులు పట్టుకుని నిలబడేదే గొలుసు. కుర్రాళ్ళు చైన్ అంటారు. వచ్చినవాడు ఎడమ మూలకు కాలు చాపితే ఎడమ కార్నర్ వెనక్కి తగ్గుతాడు, కుడివైపు వాళ్ళు ముందుకు జరుగుతారు. వాడు తిరిగి చూసేసరికి మధ్యగీతకు దారి మూసుకుపోయి ఉండాలి. అప్పుడు కార్నర్ చీలమండ అందుకుంటాడు, కవర్ నడుం దగ్గర అడ్డుపడతాడు. ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఒకడు అరసెకను ముందు కదిలినా గొలుసు తెగుతుంది. వచ్చినవాడు ఒకరిని కాదు, ఇద్దరు ముగ్గుర్ని ముట్టుకుని పోతాడు. అంతేకాదు, పెనుగులాట మొదలు కాకుండా పక్కనున్న లాబీలో కాలు పెడితే మనవాడే ఔటు.

మన పల్లెల్లో ఆడవాళ్ళు ఉభాలు వేసేటప్పుడు చూడండి. వరసలో పదిమంది వంగి వెనక్కి అడుగు వేస్తారు. కొత్త కోడలు వరసలోకి వచ్చిన మొదటిరోజున అడుగు కలవదు. పక్కనున్నావిడ మోచేత్తో పొడుస్తుంది, పెద్దావిడ కేకలేస్తుంది. కొన్నాళ్ళకు ఎవరూ ఎవరినీ చూడకుండానే అడుగు పడుతుంది. గొలుసు కూడా అంతే. చెబితే వచ్చేది కాదు, పక్కపక్కన నిలబడగా నిలబడగా వచ్చేది.

ఆ ఓడిన ఆట నేను చూశాను. మన రైడర్లు తేవలసిన పాయింట్లు తెచ్చారు. తెచ్చినవన్నీ వెనకాల కారిపోయాయి. కుడి కార్నర్ కుర్రాడు మంచి బలమున్నవాడు. వాడు ప్రతిసారీ ముందే దూకాడు. వాడు దూకిన క్షణంలో పక్కనున్న ఇన్ చెయ్యి వదిలేశాడు. మొదటి సగంలోనే రెండుసార్లు లోనా పడింది. ఏడుగురూ ఔటు కావడం, అవతలివాళ్ళకు రెండేసి పాయింట్లు అదనంగా పోవడం. ముగ్గురే మిగిలినప్పుడు పట్టుకుంటే మనకు ఒక పాయింటు ఎక్కువ వస్తుంది, సూపర్ ట్యాకిల్ అంటారు దాన్ని. ఆ అవకాశం నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ ముగ్గురూ మూడు దిక్కులకు పోయారు. బయట నిలబడ్డ మనవాళ్ళు మాత్రం "రైడర్‌ని మార్చండి" అని అరిచారు.

కొత్త పి.డి. గారి పద్ధతి ఏమిటో తెలుసుకుందామని నేను చాలా సాయంత్రాలు మైదానం గట్టు మీద కూర్చున్నాను. మొదటి నెల ఆయన ఆట ఆడనివ్వలేదు. ఇద్దరేసి ఇద్దరేసి చేతులు పట్టుకుని పక్కకు నడవమన్నాడు. ఎడమకు పది అడుగులు, కుడికి పది అడుగులు. కూతకు వచ్చేవాడు ఉండడు, బంతీ లేదు బొంగరమూ లేదు, నడకే. చూసేవాళ్ళకు నవ్వొచ్చింది. "కవాతు చేయిస్తన్నాడా, కబడ్డీ నేర్పుతన్నాడా" అని గట్టు మీద వేళాకోళం. తరువాత కూతకు ఒకణ్ణి పంపించి, పట్టవద్దన్నాడు. వాడు ఎటు పోతే అటు గొలుసు మళ్ళాలి, అంతే. పట్టుకున్నవాడికి మైదానం చుట్టూ రెండు చుట్లు శిక్ష. పక్కవాడి చెయ్యి గట్టిగా నొక్కితే ఆగమని, వదులు చేస్తే కదలమని గుర్తులు పెట్టాడు. నోటితో చెప్పకూడదు, చెబితే వచ్చినవాడికి తెలిసిపోతుంది కదా. మూడో నెలకు గానీ చీలమండ పట్టు దగ్గరకు రాలేదు. ఇంతలోనే పోటీలు వచ్చిపడ్డాయి.

కాబట్టి పిల్లలు ఓడింది ఆట తెలియక కాదు, సగం నేర్చుకుని ఉండగా వెళ్ళడం వల్ల. పాత పద్ధతిలో కార్నర్ తన ఇష్టం వచ్చినప్పుడు దూకేవాడు, మిగిలినవాళ్ళు వెనక పడేవాళ్ళు. పాత నలుగురికీ మూడేళ్ళ అలవాటు మీద అది చెల్లింది. కొత్త పద్ధతిలో కవర్ జరిగేదాకా కార్నర్ కాచుకోవాలి. పాత అలవాటు పూర్తిగా పోలేదు, కొత్తది పూర్తిగా రాలేదు. ఇలాంటి దశలో ఏ జట్టయినా ముందుకన్నా కనాకష్టంగా కనిపిస్తుంది.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నేను కుడి కార్నర్‌ని. నేను చదివిన చోటు పేరు ఇక్కడ అనవసరం. రెండేళ్ళలో నేర్పేవాళ్ళు ముగ్గురు మారారు. మొదటాయన మూలన నిలబెట్టాడు, రెండో ఆయన నా పొడవు చూసి కవర్ అన్నాడు, మూడో ఆయన మళ్ళీ మూలకు తోశాడు. ఒక ఆటలో నేను కాలు అందుకున్నాను, పక్కవాడు వస్తాడనుకున్నాను. వాడు కొత్తవాడు, రాలేదు. వచ్చినవాడి బరువంతా నా మోకాలి మీద పడింది. ఇప్పటికీ చలికాలంలో సైకిలు తొక్కాలంటే ఆ మోకాలు గుర్తుచేస్తుంది. ఓడిపోయామని తిట్టినవాళ్ళున్నారు గానీ, పిల్లల పక్కన పిల్లల్ని అలా మార్చకూడదని అన్నవాళ్ళు ఆరోజు ఎవరూ లేరు.

బయటినుంచి రైడర్లని తెస్తే సరిపోతుందనేవాళ్ళకు దూరపు ఉదాహరణ అక్కర్లేదు. తెలుగు టైటాన్స్ సంగతి టీవీలో అందరూ చూసిందే. 2014లో ప్రో కబడ్డీ మొదలైన నాటి నుంచీ ఆ జట్టు ఉంది. ఎనిమిదో సీజన్‌లో 22 ఆటలకు ఒక్క గెలుపు, తొమ్మిదో సీజన్‌లో రెండు. రెండుసార్లూ అట్టడుగే. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నారు. ఆ లీగులో అంతకుముందు అంత ధర ఎవరికీ పలకలేదు. దేశంలోనే పేరుమోసిన రైడర్ వచ్చాడు, ఇక తిరుగులేదన్నారు. ఆ పదో సీజన్‌లో టైటాన్స్ గెలిచింది మళ్ళీ రెండే ఆటలు. మళ్ళీ అట్టడుగే. అతను పాయింట్లు తేలేదా అంటే తెచ్చాడు. వెనకాల కారిపోతూ ఉంటే ఒక్కడు ఎంతని తేగలడు?

2024లో క్రిషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చాడు. అంతకుముందు ఢిల్లీ జట్టుకు ఎనిమిదో సీజన్ కప్పు తెచ్చిపెట్టినవాడు. ఆ ఏడాది పవన్ గాయపడి మధ్యలో చాలా ఆటలకు దూరమయ్యాడు. అయినా జట్టు 12 ఆటలు గెలిచి, ప్లే ఆఫ్‌కు ఒక అడుగు దూరంలో ఆగింది. కోచ్‌ను మార్చలేదు. 2025లో పవన్ తమిళ జట్టుకు వెళ్ళిపోయాడు. ఆ ఏడాది మన జట్టు ప్లే ఆఫ్ ఆడి, ఫైనల్ గడప దాకా వెళ్ళి పుణె చేతిలో ఓడింది. ఇందులో రైడర్ల పాత్ర లేదని నేను అనను. విజయ్ మాలిక్, భరత్ బ్రహ్మాండంగా ఆడారు. కాకపోతే వాళ్ళు తెచ్చిన పాయింట్లు నిలబడ్డాయి, అదీ తేడా. 2025 ఆగస్టు చివర విశాఖలో ఆ సీజన్ మొదలైనప్పుడు మన కళాశాల కుర్రాళ్ళు కొందరు ఆమదాలవలసలో రైలెక్కి వెళ్ళి చూసి వచ్చారు. వచ్చాక ఏం చూశార్రా అంటే ఒకడు కూతల గురించి చెప్పాడు. కుడి ఇన్ కుర్రాడు మాత్రం, "ఆళ్ళు సెయ్యి ఒగ్గరు మాస్టారూ" అన్నాడు. వాడికి ఆట అర్థమైందని నాకప్పుడు తెలిసింది.

మరో సంగతి కూడా మన పెద్దలు మరచిపోకూడదు. 1990లో ఆసియా క్రీడల్లోకి కబడ్డీ వచ్చింది మొదలు బంగారు పతకం మనదే. 2018లో జకార్తాలో సెమీ ఫైనల్లో ఇరాన్ 27-18తో మనల్ని ఓడించింది. మన దగ్గర రైడర్లకు కొరవా? లేదు. వాళ్ళ కార్నర్లు, వాళ్ళ గొలుసు మన రైడర్లను వెనక్కి పోనివ్వలేదు. ఎడమ మూల కాచే ఫజల్ అత్రాచలి పేరు అప్పటినుంచీ మన పల్లెల్లోనూ వినబడుతోంది.

ఇక అమెరికా ముచ్చట ఒకటి. మా మేనమామ కొడుకు అక్కడ చదువుకుంటున్నాడు. వాళ్ళ కళాశాలల్లో ఫుట్‌బాల్ అంటే పిచ్చి అట. అది మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. బంతి విసిరేవాడికి ముందు ఐదుగురు వరసగా నిలబడతారు. ఒక్కొక్కడు సుమారు 135 కిలోలు. మధ్యలోవాడు బంతిని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి అందిస్తాడు, మిగిలిన నలుగురికీ ఆటంతా బంతి తగిలే పనే లేదు. మీదకు వచ్చేవాళ్ళను ఆపడమే వాళ్ళ ఉద్యోగం. అక్కడ 2018 నుంచి ఆటగాడు కళాశాల మారడానికి సులువైన పద్ధతి పెట్టారు. 2021 నుంచి మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. కోచ్ మారాడంటే ఆ వరసలోవాళ్ళు తలో కళాశాలకు పోవచ్చు, పైగా ఇప్పుడు డబ్బు కూడా వస్తుంది. కొత్త కోచ్ వచ్చి చూసుకుంటే ఐదు చోట్లూ ఖాళీ అయి ఉండవచ్చు. అయినా ఆ దేశంలో ఒక మంచి అలవాటు ఉంది. 2015 నుంచి జో మూర్ అవార్డు అని ఇస్తున్నారు. అది ఒక్క మనిషికి ఇచ్చేది కాదు, ఆ వరస మొత్తానికి. 2024లో దాన్ని గెలిచింది సైనిక కళాశాల జట్టు. డబ్బు పెట్టి బయటి ఆటగాళ్ళను పోగుచేసుకునే పద్ధతి అక్కడ లేదు, ఉన్న పిల్లలే ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడతారు.

మన జిల్లాకు ఒక్కడి బలం తెలుసు. కోడి రామ్మూర్తి గారు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవారని మన తాతలు చెప్పుకున్నారు. పట్నంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. ఆమదాలవలస పక్క ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారత మహిళ అయింది. ఆ ఘనత మనకు గర్వకారణమే. అయితే గొలుసు తెంచిన మనిషిని తలుచుకున్నంతగా, గొలుసు కట్టే పిల్లలను మనం చూడడం లేదు.

చూడకపోతే ఏమవుతుందో చెబుతాను. కొత్త పి.డి. గారు ఎడమ మూలకు ఏరికోరి తీసుకున్న కుర్రాడు రెండో ఏడు చదువుతున్నవాడు. పొట్టి, కాళ్ళు గట్టివి, ఓపిక ఎక్కువ. ఆ నడక కవాతులో విసుక్కోనివాడు వాడొక్కడే. వాడి చుట్టూనే గొలుసు అల్లుతున్నానని ఆయన నాతో అన్నాడు. ఓడి వచ్చిన వారానికి ఆ కుర్రాడు మైదానానికి రావడం మానేశాడు. ఇంటికి వెళ్ళి అడిగితే, "నానేటి సెయ్యను బాబూ, ఆళ్ల నాన్నకి కాలు ఇరిగింది. ఈడే మేస్త్రీ ఎంట సెన్నై ఎల్లిపోనాడు" అంది తల్లి. ఆటలో ఓడిపోయాక, "నీవల్లే పోయింది" అని ఊళ్ళో నలుగురూ అన్నారట. దానికి బాధపడ్డాడని కూడా ఆవిడే చెప్పింది. వలస మన జిల్లాకు కొత్త కాదు. బతుకు కోసం పోయినవాణ్ణి ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆ తిట్టు తినకుండా పోయి ఉంటే, తిరిగి వచ్చేటప్పుడు వాడికి మైదానం గుర్తొచ్చేది.

సంక్రాంతి పోటీలకు మన ఊళ్ళవాళ్ళే చందాలు వేసి, బయటి రైడర్‌కు రెండు రోజులకు రానుపోను ఖర్చులు, భోజనం, పైన సంచిలో డబ్బు ఇచ్చి తెచ్చుకుంటారు. వాడు వస్తాడు, నాలుగు బోనస్సులు తెస్తాడు, పోతాడు. మరుసటి ఏడాది పక్క ఊరి తరఫున ఆడి మనల్నే ఓడిస్తాడు. ఆ డబ్బుతో నలుగురు కుర్రాళ్ళకు సీజను మొత్తం సాయంత్రం రెండేసి గుడ్లు, అరటిపండ్లు, బస్సు చార్జీలు వస్తాయి. పోటీలు జరిపే పెద్దలు ఉత్తమ రైడర్‌కు ఒక కప్పు, ఉత్తమ క్యాచర్‌కు ఒక కప్పు ఇస్తున్నారు. మూడో కప్పు ఒకటి పట్టే జట్టు మొత్తానికి ఇస్తే తప్పేమిటి? ఏడుగురి పేర్లూ మైకులో చదవమనండి. రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగ చేశారు. ఆ రోజుల్లో ఆటలు పెట్టే కమిటీల వారైనా ఈ మాట ఆలోచించాలి.

కొత్త పి.డి. గారిది అంతా ఒప్పని కూడా నేను రాయడం లేదు. చీకటి పడేదాకా పిల్లల్ని వదలడు. దూరపు ఊళ్ళ పిల్లలకు ఆఖరి బస్సు పోతుంది. ఇద్దరు ముగ్గురు లారీల మీద ఇళ్ళకు వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఏం చేయిస్తున్నాడో తల్లిదండ్రులకు ఒక్కసారైనా పిలిచి చెప్పి ఉంటే, ఊళ్ళో సగం వేళాకోళం ఉండేది కాదు. మాట తక్కువ మనిషి. ఆటలో అది గుణం కావచ్చు గానీ, ఊరితో వ్యవహారంలో కాదు. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

అయితే ఆయన్ని ఈ ఏడాదే మార్చాలని కళాశాలకు అర్జీ పెట్టబోతున్నారని విన్నాను. సంతకాలు కూడా మొదలయ్యాయట. దయచేసి ఆ కాగితం మీద వేలుముద్ర వేసే ముందు ఒక్క సాయంత్రం గట్టు మీదకు వచ్చి కూర్చోండి. మార్చితే వచ్చే జూలైలో మూడో ఆయన వస్తాడు. పిల్లల్ని మళ్ళీ మొదటి అడుగు నుంచి నడిపిస్తాడు. ఇప్పుడు మొదటి ఏడు, రెండో ఏడు చదువుతున్న ఆరుగురు పట్టేవాళ్ళున్నారు. వాళ్ళు పక్కపక్కన ఉండేది ఇంకొక్క ఏడాదో, రెండేళ్ళో. అది కూడా పాడుచేసుకుంటే తప్పు మాస్టారిది కాదు, మనది.

మొన్న ఆదివారం చెన్నై నుంచి ఆ ఎడమ కార్నర్ కుర్రాడు నాకు ఫోను చేశాడు. మొదట నాన్న కాలు సంగతి, తరువాత వాళ్ళ మేస్త్రీ సంగతి చెప్పాడు. ఆఖర్న, "నా సోటు ఎవులికైనా ఇచ్చీసారేటి మాస్టారూ?" అని అడిగాడు. పి.డి. గారిని అడిగాను. ఇవ్వలేదన్నాడు. అదే వాడికి చెప్పాను. కూలి లెక్క తేలడానికి ఇంకా పదిరోజులు పడుతుందట.

- అరసవల్లి విలేకరి